ఇన్, ఆన్, ఎట్: ప్రిపోజిషన్‌ని నిర్ణయించేది ఎవరు?

"ఐ యామ్ యాంగ్రీ ఆన్ హిమ్." ఈ వాక్యంలో కష్టమైన మాట ఒక్కటీ లేదు. టెన్స్ సరిగ్గానే ఉంది, కర్తా క్రియా కుదిరాయి. అయినా తప్పే. ఆ ఆన్ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుగువాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. "అతని మీద కోపంగా ఉంది" అని మనసులో అనుకున్నాం, మీద అంటే ఆన్ కదా అని పెట్టేశాం. "షి ఈజ్ గుడ్ ఇన్ మ్యాథ్స్" వెనక "లెక్కల్లో" ఉంది. "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" వెనక "రెండేళ్ల నుంచి" ఉంది. "ఐ వెంట్ టు హోమ్" వెనక "ఇంటికి" ఉంది.

అంటే మన తప్పులు గాలివాటంగా వచ్చేవి కావు. చాలావాటిని కాస్త గీకితే కింద ఒక తెలుగు విభక్తి బయటపడుతుంది. ప్రిపోజిషన్లు నేర్పే పాఠాలు సాధారణంగా ఈ సంగతి పట్టించుకోవు. ఇన్‌కి ఇన్ని అర్థాలు, ఆన్‌కి ఇన్ని అర్థాలు అని ఒక పట్టిక ఇచ్చి ఊరుకుంటాయి. ఆ పట్టిక మొత్తం బట్టీ పట్టినవాళ్లు కూడా నోరు తెరిస్తే మళ్లీ "యాంగ్రీ ఆన్" అనే అంటారు. వాళ్లకి తెలివి తక్కువై కాదు, పట్టిక తప్పు ప్రశ్నకి జవాబు చెబుతోంది కాబట్టి. ఇన్‌కి అర్థం ఏమిటని అడిగే ముందు, ఈ వాక్యంలో ప్రిపోజిషన్‌ని నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందో అడగాలి.

ఆ అధికారం మూడు చోట్ల ఉంటుంది. వస్తువు ఎక్కడుంది, ఎలా ఉంది అని చెప్పేటప్పుడు కళ్లముందున్న దృశ్యం నిర్ణయిస్తుంది. రోజులు, నెలలు, గంటల విషయంలో ప్రిపోజిషన్ తర్వాత వచ్చే మాట నిర్ణయిస్తుంది. కోపం, భయం, ఆసక్తి, నమ్మకం లాంటివి చెప్పేటప్పుడు ముందున్న మాట నిర్ణయిస్తుంది. ఎక్కువమంది తడబడేది ఈ మూడో చోటే.

ఇంగ్లీషుకీ ఒకప్పుడు విభక్తులుండేవి

ఇంత చిక్కు ఎందుకొచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో నామవాచకాలు మన మాటల్లాగే చివర మారేవి. రాయిని స్టాన్ అనేవారు. "రాయి యొక్క" అనడానికి స్టానెస్, "రాళ్లకు" అనడానికి స్టానుమ్. మనం "రాళ్లకు" అన్నప్పుడు చివరి "కు" చేసే పనిని అక్కడ చివరి "ఉమ్" చేసేది.

తొమ్మిదో శతాబ్దం నుంచి ఉత్తర ఐరోపా సముద్ర ప్రజలైన వైకింగులు ఇంగ్లండులో స్థిరపడి స్థానికులతో కలిసిపోయారు. 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు వచ్చి రాజ్యం పట్టారు. మాటల చివర్లు అంతకుముందే అరగడం మొదలైంది, ఆ తర్వాతి రెండు మూడు శతాబ్దాల్లో దాదాపు అరిగిపోయాయి. ఇవాళ మిగిలిన ఆనవాళ్లు హి, హిమ్, హిజ్ లాంటి సర్వనామాలూ, పేరు చివర తగిలించే ఎస్సూ మాత్రమే.

చివర్లు పోయినా వాటి పని పోలేదు. ఆ పనిలో చాలాభాగం చిన్నచిన్న మాటల నెత్తిన పడింది. మొదట్లో అవి ఎక్కువగా చోటునో దిక్కునో చెప్పే మాటలు. బై అంటే "పక్కన". ఘటన జరిగేటప్పుడు పక్కన నిలబడి చూసేవాణ్ని బైస్టాండర్ అనడంలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. విత్‌కి పాత అర్థం "ఎదురుగా, వ్యతిరేకంగా". అందుకే "విత్‌స్టాండ్" అంటే ఎదురు నిలవడం. "హి ఫాట్ విత్ హిజ్ బ్రదర్" అంటే తమ్ముడితో కొట్లాడాడా, తమ్ముడి పక్షాన కొట్లాడాడా అన్న సందేహం ఇప్పటికీ వస్తుంది. ఒక ఎఫ్ ఉన్న ఆఫ్, రెండు ఎఫ్‌లున్న ఆఫ్ తెలుగులో రాస్తే ఒకేలా కనిపిస్తాయి. నిజానికి పాత ఇంగ్లీషులో అవి ఒకటే మాట, తర్వాత విడిపోయాయి.

ఇలా చోటు చెప్పే ఒక పిడికెడు మాటల్ని పట్టుకుని కాలానికీ, కారణానికీ, కోపతాపాలకీ కూడా సాగదీశారు. చోటు దగ్గర తర్కం గట్టిగా ఉంటుంది. సాగదీసిన కొద్దీ అది పలచబడి అలవాటు రాజ్యమేలుతుంది. ఎక్కడిదాకా తర్కం పనిచేస్తుందో, ఎక్కణ్నుంచి అలవాటుకి తలవంచాలో తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

దృశ్యం నిర్ణయించే చోట

ఎట్ అంటే ఒక బిందువు. ఆన్ అంటే ఒక తలాన్నో గీతనో తాకి ఉండటం. ఇన్ అంటే హద్దుల లోపల ఉండటం. ఇది అందరూ చెప్పేదే. అయితే ఒకే వస్తువుని మూడు రకాలుగానూ చూడవచ్చన్న ముక్క వదిలేస్తారు. "ఐ యామ్ ఎట్ ద స్టేషన్" అంటే స్టేషన్ పటంలో ఒక చుక్క, మీరు లోపలున్నారా గేటు దగ్గరున్నారా అన్నది ముఖ్యం కాదు. "ఐ యామ్ ఇన్ ద స్టేషన్" అంటే నాలుగు గోడల మధ్య, ఆ కప్పు కింద ఉన్నారు. రెండూ ఒప్పే. వినేవాడికి ఏం చెప్పదలచుకున్నారన్నదే తేడా. వీధి మలుపు బయటి నుంచి కనిపించే మొన కాబట్టి "ఎట్ ద కార్నర్" లేదా "ఆన్ ద కార్నర్". గది మూల లోపలి నుంచి చూస్తే రెండు గోడలు చుట్టుకున్న చోటు కాబట్టి "ఇన్ ద కార్నర్".

ఆన్ దగ్గర మనకి ఎక్కువ దెబ్బ తగులుతుంది, మీద అన్న మాట వల్లే. "ఎ ఫ్లై ఆన్ ద సీలింగ్" అన్నప్పుడు ఈగ పైకప్పుకి కింది వైపు, తలకిందులుగా ఉంది. తెలుగులో "పైకప్పు మీద ఈగ" అంటే డాబా ఎక్కి చూడాల్సి వస్తుంది. ఇంగ్లీషు ఆన్‌కి పైనా కిందా అన్న పట్టింపు లేదు, అంటుకుని ఉంటే చాలు. ఆ అంటుకోవడాన్ని తెలుగులో చాలాసార్లు "కి" చెబుతుంది. గోడకి గడియారం, వేలికి ఉంగరం, చొక్కాకి మరక, సీసాకి లేబులు, చెట్టుకి కాయ: వీటన్నిటికీ ఇంగ్లీషులో ఆన్ పడుతుంది. "ఎ క్లాక్ ఆన్ ద వాల్", "ఎ రింగ్ ఆన్ హర్ ఫింగర్", "ఎ స్టెయిన్ ఆన్ ద షర్ట్". కి అంటే టు అని నేర్చుకున్నవాళ్లు ఈ వరసని ఒకసారి చదివి చూడాలి. మరి మేకు గోడలోకి దిగితే "ఎ నెయిల్ ఇన్ ద వాల్". కాయ చెట్టుకి అతుక్కుని ఉంది కాబట్టి ఆన్, పిట్ట కొమ్మల గుబురులో కూర్చుంది కాబట్టి "ఎ బర్డ్ ఇన్ ద ట్రీ".

గీతకి ఆనుకున్నా ఆనే. నది ఒడ్డున ఉన్న ఊరు "ఆన్ ద రివర్", తీరాన ఉన్నది "ఆన్ ద కోస్ట్", సరిహద్దున ఉన్నది "ఆన్ ద బోర్డర్". ఇక్కడ తెలుగు "న" చక్కగా సరిపోతుంది, దాన్ని ఎవరూ నేర్పరు గానీ.

వాహనాల సంగతి చాలామందిని విసిగిస్తుంది. కారుకి ఇన్, బస్సుకి ఆన్. రెండిట్లోనూ మనం లోపలే కూర్చుంటాం కదా! సాధారణంగా చెప్పే వివరణ ఇది: నిలబడి అటూ ఇటూ నడవగలిగే వాహనానికి ఆన్, వంగి దూరి కూర్చునేదానికి ఇన్. కాబట్టి బస్సు, రైలు, విమానం, ఓడ ఆన్. కారు, టాక్సీ, చిన్న పడవ ఇన్. సైకిలు, గుర్రం ఎలాగూ పైకి ఎక్కి కూర్చునేవే, కాబట్టి ఆన్. ఎక్కడం దిగడం కూడా దీన్నే అనుసరిస్తాయి. బస్సు "గెట్ ఆన్, గెట్ ఆఫ్", కారు "గెట్ ఇన్, గెట్ అవుట్ ఆఫ్". వాహనం ప్రయాణ సాధనంగా మాత్రమే వస్తే "బై బస్", "బై కార్". అప్పుడు మధ్యలో ద గానీ మై గానీ పెట్టకూడదు. పెట్టారంటే బై పోయి మళ్లీ ఇన్ గానీ ఆన్ గానీ వస్తుంది: "ఇన్ మై కార్". నడకకి మాత్రం "ఆన్ ఫుట్".

తర్వాతి మాట నిర్ణయించే చోట

కాలానికి వచ్చేసరికి దృశ్యం మసకబారి మాట పెత్తనం పెరుగుతుంది. మనిషి చంద్రుడి మీద దిగిన సందర్భాన్నే తీసుకుందాం. అపోలో 11 దిగింది "ఇన్ 1969". "ఇన్ జులై" అన్నా సరే. తేదీ వచ్చేసరికి "ఆన్ జులై 20". గడియారం చూసి చెబితే "ఎట్ 20:17", అంతర్జాతీయ కాలమానం ప్రకారం. కాలం పొడుగ్గా ఉంటే ఇన్, రోజయితే ఆన్, క్షణమైతే ఎట్. డబ్బా, పలక, చుక్క అన్న పాత బొమ్మే లీలగా ఇక్కడా కనిపిస్తుంది.

ఆ తర్వాత మొదలవుతుంది అలవాటు. "ఇన్ ద మార్నింగ్", "ఇన్ ద ఈవెనింగ్" అంటూనే "ఎట్ నైట్" అంటారు. రాత్రి ఉదయం కంటే చిన్నదేం కాదు. దీనికి తర్కం వెతికి లాభం లేదు, అలాగే గుర్తుపెట్టుకోవాలి. రోజు పేరు వచ్చి చేరితే మాత్రం అది మిగతా అందర్నీ తోసేస్తుంది: "ఆన్ మండే మార్నింగ్", "ఆన్ ఫ్రైడే నైట్". నెక్స్ట్, లాస్ట్, దిస్, ఎవ్రీ ముందు వస్తే ప్రిపోజిషనే వద్దు. "ఆన్ నెక్స్ట్ మండే" అని ఈమెయిళ్లలో రాస్తుంటారు, "నెక్స్ట్ మండే" చాలు. హోమ్, హియర్, దేర్, అబ్రాడ్ కూడా అంతే. ఇంటికి, ఇక్కడికి, విదేశాలకి అనే మన "కి"ని అవి తమలోనే కలిపేసుకున్నాయి. "గో హోమ్", "కమ్ హియర్", "గో అబ్రాడ్" అంటే సరి.

ఇక నుంచి. "రెండేళ్ల నుంచి", "2022 నుంచి" రెండిటికీ తెలుగులో ఒకే ప్రత్యయం. ఇంగ్లీషు ఇక్కడ రెండు దారులు చేసింది. ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్, ఎంతకాలం సాగిందో చెబితే ఫర్. "సిన్స్ 2022", "ఫర్ టూ ఇయర్స్". పరీక్ష సులువు: ఆ మాటని క్యాలెండర్ మీద వేలు పెట్టి చూపించగలిగితే సిన్స్, లెక్కపెట్టాల్సి వస్తే ఫర్. రెండిటికీ ముందు క్రియ "హావ్ బీన్ వర్కింగ్" అని ఉండాలి, "యామ్ వర్కింగ్" కాదు. పని ఇప్పటికీ సాగుతోందని చెప్పడానికి తెలుగులో "చేస్తున్నాను" ఒక్కటే సరిపోతుంది కాబట్టి ఈ రెండో తప్పు మొదటిదానికి తోడుగా వస్తుంది.

మనకి కలిసొచ్చే చోటు కూడా ఒకటుంది. బై, అన్‌టిల్ తేడా చాలా భాషల వాళ్లని ఏడిపిస్తుంది. తెలుగులో ఆ తేడా చీల్చినట్టు ఉంది: బై అంటే "కల్లా", అన్‌టిల్ అంటే "దాకా". "శుక్రవారం కల్లా ఇస్తాను" అంటే "బై ఫ్రైడే". "శుక్రవారం దాకా ఇక్కడే ఉంటాను" అంటే "అన్‌టిల్ ఫ్రైడే". ఇబ్బంది ఎక్కడంటే, రెండిటికీ "వరకు" అనేసే అలవాటుంది. ఇంగ్లీషులో రాసే ముందు ఆ వరకుని కల్లా చేయాలా దాకా చేయాలా అని ఒక్కసారి చూసుకుంటే తప్పు జరగదు.

ఇన్ టెన్ మినిట్స్ మాత్రం పైకి మనదిలాగే కనిపించి మోసం చేస్తుంది. "పది నిమిషాల్లో ఫోన్ చేస్తాను" అంటే మనం పది నిమిషాల లోపు అని కూడా అర్థం చేసుకుంటాం. "ఐ విల్ కాల్ యు ఇన్ టెన్ మినిట్స్" అంటే ఇప్పట్నుంచి పది నిమిషాలు గడిచాక. లోపు అని గట్టిగా చెప్పాలంటే వితిన్. "తర్వాత" అన్న మాట పట్టుకుని "ఆఫ్టర్ టెన్ మినిట్స్" అని మనం రాసే చోట్ల, ఇప్పట్నుంచి లెక్కపెడుతున్నట్లయితే ఇంగ్లీషువాళ్లు ఎక్కువగా ఇన్ అనే అంటారు. జరిగిపోయిన కథ చెబుతుంటే మాత్రం ఆఫ్టర్ హాయిగా పనిచేస్తుంది.

ముందున్న మాట నిర్ణయించే చోట

అసలు కథ ఇక్కడుంది. డిపెండ్ అన్న క్రియ తన వెంట ఆన్‌ని తెచ్చుకుంటుంది. ఇంటరెస్టెడ్ అన్న మాట ఇన్‌ని, అఫ్రైడ్ ఆఫ్‌ని, ఫేమస్ ఫర్‌ని. ఇలాంటి చోట ప్రిపోజిషన్‌కి సొంత అర్థం వెతకడం దండగ. అది ముందున్న మాటకి తోక. కుక్కకి తోక ఎలాగో అఫ్రైడ్‌కి ఆఫ్ అలాగ. కాబట్టి నేర్చుకునేటప్పుడే అఫ్రైడ్ అని కాకుండా "అఫ్రైడ్ ఆఫ్" అని ఒకే ముక్కగా నేర్చుకోవాలి.

తెలుగులోనూ ఇదే పని జరుగుతుంది, గమనించం అంతే. భయం "అంటే"ని కోరుకుంటుంది, కోపం "మీద"ని, అలవాటు "కి"ని, పెళ్లి "తో"ని. ఎందుకంటే చెప్పలేం. తెలుగు నేర్చుకునే పరాయివాడు "కుక్క మీద భయం" అంటే మనకి నవ్వొస్తుంది. మన "యాంగ్రీ ఆన్ హిమ్" వాళ్ల చెవికి అలాగే ఉంటుంది.

మీదతో మొదలెడదాం. బరువు మోపడం, ఒత్తిడి పడటం అన్న భావం ఉన్నచోట మీదకీ ఆన్‌కీ పొత్తు కుదురుతుంది: "డిపెండ్ ఆన్", "కాన్సంట్రేట్ ఆన్", "అన్ ఎటాక్ ఆన్", "అన్ ఎఫెక్ట్ ఆన్". మనసు ఒకవైపు మొగ్గడాన్ని చెప్పేటప్పుడు పొత్తు చెడుతుంది. సంగీతం మీద ఆసక్తి "ఇంటరెస్ట్ ఇన్ మ్యూజిక్". మనిషి మీద నమ్మకం "ఫెయిత్ ఇన్", పిల్లల మీద ప్రేమ "లవ్ ఫర్". కోపం మనిషి మీదైతే "యాంగ్రీ విత్" లేదా "యాంగ్రీ ఎట్", జరిగినదాని మీదైతే "యాంగ్రీ అబౌట్". మీద అరిస్తే "షౌట్ ఎట్".

ఎట్‌లో గురిపెట్టడం అనే భావం ఉంటుంది. "హి త్రూ ద బాల్ టు మి" అంటే నాకు అందించడానికి విసిరాడు. "హి త్రూ ద బాల్ ఎట్ మి" అంటే నన్ను కొట్టడానికి. తెలుగులో "నాకు విసిరాడు", "నా మీదికి విసిరాడు" అన్నంత తేడా. ఇక్కడ మన భాష దారి చూపిస్తోంది: ఒక మనిషికి తగిలేలా చేసే పనికి "మీదికి" అని అనగలిగితే ఇంగ్లీషులో ఎక్కువగా ఎట్ వస్తుంది.

తో ఇంకా జిత్తులమారి. కత్తితో కోశాడు, అమ్మతో వచ్చాడు: ఇక్కడ విత్ సరే. కానీ పెళ్లి "మ్యారీడ్ టు". జబ్బుతో బాధపడటం "సఫర్ ఫ్రమ్", జబ్బుతో చనిపోవడం "డై ఆఫ్". చెక్కతో చేసిన బల్ల "మేడ్ ఆఫ్ వుడ్", ఎందుకంటే చెక్క ఇంకా కనిపిస్తోంది. అదే చెక్కతో కాగితం చేస్తే పదార్థం రూపం మారిపోయింది కాబట్టి "మేడ్ ఫ్రమ్ వుడ్". పెన్సిల్‌తో రాస్తే "విత్ ఎ పెన్సిల్" అన్నా ఒప్పే, "ఇన్ పెన్సిల్" అన్నా ఒప్పే. మొదటిది పనిముట్టు గురించి, రెండోది కాగితం మీద పడిన రాత గురించి. నీళ్లతో నిండిన కుండ విషయంలో ఇంగ్లీషే తనతో తాను ఒప్పుకోదు: "ఫిల్డ్ విత్ వాటర్", కానీ "ఫుల్ ఆఫ్ వాటర్". అర్థం ఒకటే, పక్కనున్న మాట మారింది కాబట్టి తోక మారింది. ప్రిపోజిషన్‌ని అర్థం కాకుండా పొరుగు మాట నిర్ణయిస్తుందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

కంటే విషయంలో చిక్కు చిన్నదే. పోలిక అనగానే మనకి దాన్ గుర్తొస్తుంది. కానీ సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్ వెంట టు వస్తుంది: "షి ఈజ్ సీనియర్ టు మి". ఇవి లాటిన్‌లో పోలిక చెప్పే రూపాలు, చివరి "ఇయర్" అక్కడిదే. ఇంగ్లీషు చివర "అర్" చేర్చి చేసుకున్న టాలర్, బిగ్గర్ లాంటివాటి పద్ధతి వీటికి వర్తించలేదు. లాటిన్ నుంచే వచ్చిన ప్రిఫర్ కూడా టు కోరుకుంటుంది: "ఐ ప్రిఫర్ వాకింగ్ టు డ్రైవింగ్".

క్రియకి వద్దు, నామవాచకానికి కావాలి

"లెట్ అజ్ డిస్కస్ అబౌట్ ఇట్" అన్న వాక్యం మీటింగుల్లో రోజూ వినిపిస్తుంది. డిస్కస్‌కి అబౌట్ అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో చెప్పకుండా తప్పు అని మాత్రమే చెబితే గుర్తుండదు. చూడండి: "వి హాడ్ ఎ డిస్కషన్ అబౌట్ ఇట్" పూర్తిగా ఒప్పు. డిస్కస్ సకర్మక క్రియ కాబట్టి తన కర్మని నేరుగా పట్టుకుంటుంది. డిస్కషన్ నామవాచకం, దానికి పట్టుకునే చెయ్యి లేదు, మధ్యలో ఒక ప్రిపోజిషన్ సాయం కావాలి.

ఈ ఒక్క సూత్రం బోలెడు తప్పుల్ని సరిచేస్తుంది. "రిక్వెస్ట్ ఎ కాపీ", కానీ "ఎ రిక్వెస్ట్ ఫర్ ఎ కాపీ". "ఎంఫసైజ్ ద పాయింట్", కానీ "ఎంఫసిస్ ఆన్ ద పాయింట్". "ఎంటర్ ద రూమ్", కానీ "ఎంట్రీ ఇన్‌టు ద రూమ్". "దే ల్యాక్ మనీ", కానీ "ల్యాక్ ఆఫ్ మనీ". "కాంటాక్ట్ హిమ్", కానీ "కాంటాక్ట్ విత్ హిమ్". "విజిట్ ద మ్యూజియం", కానీ "ఎ విజిట్ టు ద మ్యూజియం". నామవాచకం వెంట ఉండే తోకని చూసి క్రియకీ తగిలించడం వల్లే సగం తప్పులు పుడుతున్నాయి. మిగతా సగానికి తెలుగు "గురించి", "లోకి" తోడవుతాయి. డిస్క్రైబ్, మెన్షన్, రీచ్, రిజెంబుల్, ఎవైట్ కూడా ప్రిపోజిషన్ లేకుండానే నడుస్తాయి. రీచ్‌కి బదులు అరైవ్ వాడితే మాత్రం ఎట్ గానీ ఇన్ గానీ ఉండాల్సిందే: స్టేషన్‌కి ఎట్, నగరానికో దేశానికో ఇన్. "అరైవ్ టు" అన్నది లేదు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది, ఉండాల్సినదాన్ని మింగేయడం. "ఎక్స్‌ప్లెయిన్ మి ద ప్రాబ్లమ్" అంటాం, "టెల్ మి" ఉంది కదా అన్న ధైర్యంతో. టెల్, గివ్, షో లాంటి క్రియలు మనిషిని నేరుగా పక్కన నిలబెట్టుకుంటాయి. ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, డిస్క్రైబ్, సే ఒప్పుకోవు: "ఎక్స్‌ప్లెయిన్ ద ప్రాబ్లమ్ టు మి". లిజన్ వెంట టు, వెయిట్ వెంట ఫర్ కూడా జారిపోకుండా చూసుకోవాలి.

టు గురించి ఇంకో ముక్క. "లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు" అన్నది ఎన్నో ఈమెయిళ్లకి ముగింపు వాక్యం. ఒప్పు "టు మీటింగ్ యు". ఇక్కడి టు ప్రిపోజిషన్, దాని తర్వాత క్రియ రావాలంటే ఇంగ్ చేర్చుకునే రావాలి. "వాంట్ టు మీట్"లోని టు వేరే జాతి. ఏది ఏదో తేల్చుకోవాలంటే టు తర్వాత ఒక నామవాచకాన్ని పెట్టి చూడండి. "లుకింగ్ ఫార్వర్డ్ టు ద హాలిడే" కుదురుతుంది, "వాంట్ టు ద హాలిడే" కుదరదు. కుదిరినచోట ఇంగ్ వస్తుంది: "యూజ్డ్ టు డ్రైవింగ్", "కమిటెడ్ టు ఇంప్రూవింగ్". చిక్కల్లా యూజ్డ్ టు దగ్గరే. "ఐ యూజ్డ్ టు డ్రైవ్" అంటే ఒకప్పుడు నడిపేవాణ్ని, "ఐ యామ్ యూజ్డ్ టు డ్రైవింగ్" అంటే నడపడం అలవాటైంది.

పనికిరాని నియమాలు రెండు

ఇద్దరైతే బిట్వీన్, అంతకంటే ఎక్కువమందైతే అమాంగ్ అని బళ్లో చెప్పారు. అది పూర్తి నిజం కాదు. విడివిడిగా గుర్తించగలిగేవి ఎన్నున్నా బిట్వీన్ వాడవచ్చు, పూర్వం నుంచీ వాడుతున్నారు. మూడు దేశాల మధ్య ఒప్పందం "ఎ ట్రీటీ బిట్వీన్ త్రీ కంట్రీస్". గుంపుని గుంపుగా చూసినప్పుడు అమాంగ్: "అమాంగ్ ద క్రౌడ్".

ప్రిపోజిషన్‌తో వాక్యం ముగించకూడదన్నది రెండోది. 1672లో కవి జాన్ డ్రైడన్ తనకంటే ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్‌ని ఈ విషయంలో తప్పుపట్టాడు, తన పాత రచనల్లోనూ అలాంటి వాక్యాలు దిద్దుకున్నాడు. లాటిన్‌లో అలా రాయడం కుదరదు కాబట్టి ఇంగ్లీషులోనూ పనికిరాదన్న భావన తర్వాత బళ్లలోకి పాకింది. 1926లో వాడుక నిఘంటువు రాసిన ఫౌలర్ దీన్ని మూఢనమ్మకాల్లో చేర్చాడు. "హూ ఆర్ యు టాకింగ్ టు?" అన్నది మామూలు ఇంగ్లీషు. "టు హూమ్ ఆర్ యు టాకింగ్?" అంటే తప్పు కాదు గానీ ఎదుటివాడు కోర్టులో ఉన్నాననుకుంటాడు.

ఒప్పులు రెండు ఉన్నప్పుడు

కొన్నిచోట్ల ఇద్దరు ఇంగ్లీషువాళ్లే ఒప్పుకోరు. బ్రిటన్‌లో "ఎట్ ద వీకెండ్", అమెరికాలో "ఆన్ ద వీకెండ్". బ్రిటన్‌లో ఫారం "ఫిల్ ఇన్" చేస్తారు, అమెరికాలో "ఫిల్ అవుట్". డిఫరెంట్ ఫ్రమ్ అంతటా చెల్లుతుంది, డిఫరెంట్ టు బ్రిటన్ వైపు, డిఫరెంట్ దాన్ అమెరికా వైపు ఎక్కువ వినిపిస్తుంది. పరీక్ష రాసేవాళ్లు డిఫరెంట్ ఫ్రమ్ రాస్తే ఎవరూ గీత కొట్టరు. అమెరికాలో "మండే త్రూ ఫ్రైడే" అంటే శుక్రవారం కూడా కలిసినట్టే. "మండే టు ఫ్రైడే"లో ఆ స్పష్టత లేదని వాళ్లంటారు, అది నిజమే.

అనుమానం వచ్చినప్పుడు ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో ఇన్‌కో ఆన్‌కో అర్థం వెతికితే ఉపయోగం తక్కువ. ముందున్న మాటని వెతకాలి, అదీ నేర్చుకునేవాళ్ల కోసం ఇంగ్లీషులోనే రాసిన నిఘంటువులో. డిపెండ్ అని తీస్తే పక్కనే ఆన్ అని బొద్దు అక్షరాల్లో కనిపిస్తుంది, దిగువన వాక్యాలుంటాయి. క్రియగానూ నామవాచకంగానూ వాడే మాటయితే రెండు పద్దులూ చూడాలి, లేకపోతే రిక్వెస్ట్ ఫర్ దగ్గరే మళ్లీ పడతాం. రెండు రూపాల్లో ఏది ఎక్కువ వాడుకలో ఉందో తేల్చుకోవాలంటే గూగుల్ పుస్తకాల ఎన్‌గ్రామ్ వ్యూయర్‌లో రెండిటినీ కామాతో విడదీసి కొడితే, ఏ ఏడాది అచ్చయిన పుస్తకాల్లో ఏది ఎంతుందో గీతల్లో చూపిస్తుంది. బ్రిటిష్, అమెరికన్ పుస్తకాల్ని విడిగా కూడా చూడవచ్చు. "మ్యారీడ్ టు", "మ్యారీడ్ విత్" కొట్టి చూస్తే రెండో గీత నేలబారుగా ఉంటుంది. అయితే అక్కడక్కడా కనిపించే ఆ విత్‌ని చూసి అదీ ఒప్పే అనుకోకూడదు. "మ్యారీడ్ విత్ టూ కిడ్స్" లాంటివి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. అక్కడ విత్ పెళ్లికి సంబంధించినది కాదు, పిల్లలు ఉన్నారని చెప్పేది.